ఒకే మనిషి, పది శాస్త్రాలు: 18వ శతాబ్దంలో అది ఎలా కుదిరింది?

సంక్షిప్తంగా: 18వ శతాబ్దపు శాస్త్రవేత్తల్లో చాలామంది నాలుగైదు రంగాల్లో ఒకేసారి పనిచేశారు. వారి తెలివితేటలు గొప్పవే, కానీ అసలు కారణం ఆనాటి ఏర్పాట్లలో ఉంది. శాస్త్రాలు ఇంకా విడివిడి వృత్తులుగా మారలేదు. ఒకే కొలత పరికరం అన్ని ప్రశ్నలకూ పనికొచ్చేది. రాజ్యాలకూ వర్తక కంపెనీలకూ ఓడల నుంచి రోగాల దాకా అన్నింటి గురించీ సమాచారం కావాల్సి వచ్చింది. ఈ వ్యవస్థకు అప్పటి కోరమాండల్ తీరం, అంటే విశాఖపట్నం, సామర్లకోట, పుదుచ్చేరి కూడా పని ప్రదేశాలే. శతాబ్దం ముగిసేసరికి ఆ విస్తృతి తగ్గడం మొదలైంది.

ఎడ్వర్డ్ జెన్నర్ అనగానే మశూచి టీకా గుర్తొస్తుంది. కానీ లండన్ రాయల్ సొసైటీ 1789లో ఆయనకు సభ్యత్వం ఇచ్చింది కోకిల మీద చేసిన పరిశీలనకు. వేరే పక్షి గూట్లో పుట్టిన కోకిల పిల్ల కళ్లు తెరవకముందే పక్కనున్న గుడ్లనూ పిల్లలనూ వీపు మీదికి ఎక్కించుకుని బయటికి తోసేస్తుందని ఆయన రాశాడు. టీకా ప్రయోగం జరిగింది ఆ తర్వాత ఏడేళ్లకు, 1796లో. విలియం హెర్షెల్ 1781లో యురేనస్‌ను కనిపెట్టే నాటికి ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో సంగీతం మీద బతుకుతున్నాడు. రష్యాలో లొమొనోసోవ్ రసాయన శాస్త్రం, పిడుగులు, గాజు తయారీ, రష్యన్ వ్యాకరణం, కవిత్వం అన్నింటిలోనూ గట్టి పనే చేశాడు.

జాతీయ విద్యా విధానం 2020 వచ్చాక మన దగ్గర బహుళ శాస్త్రాల చదువు గురించి చర్చ పెరిగింది. ఆ చర్చలో ఇలాంటి పేర్లు సహజంగానే ముందుకొస్తాయి. ‘అప్పటివాళ్లకు సాధ్యమైంది ఇప్పుడెందుకు కావడం లేదు?’ అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే ఆనాటి పని పద్ధతిని దగ్గరగా చూడాలి.

## ఓడ కలప నుంచి భూమి వయసు దాకా

ఫ్రాన్స్‌కు చెందిన బుఫాన్ మొదట లెక్కల మనిషి. గీతలు గీసిన నేల మీద సూదిని పడేస్తే అది గీతను తాకే అవకాశం ఎంత అన్న లెక్కకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది. 1730ల్లో ఫ్రెంచి నౌకాదళ మంత్రి ఆయనకు ఒక పని అప్పజెప్పాడు. ఓడలు కట్టే కలప ఎంత బరువు మోస్తుందో తేల్చాలి. ఆ పని కోసం అడవులు, చెట్ల పెంపకం గురించి తెలుసుకోవాల్సి వచ్చింది. 1739లో పారిస్‌లోని రాజోద్యానానికి అధిపతి అయ్యాడు. అక్కడి సేకరణలకు వివరణ రాయడం మొదలుపెడితే అది జంతువులు, పక్షులు, ఖనిజాలు, భూమి పుట్టుక దాకా సాగింది. 1749లో మొదలైన ఆ గ్రంథమాల ఆయన చనిపోయిన 1788 నాటికి 30 సంపుటాలు దాటింది.

ఊళ్లో ఆయనకు ఇనుప కొలిమి ఉండేది. వేర్వేరు సైజుల్లో ఇనుప గుండ్లు పోయించి, తెల్లగా మెరిసేదాకా కాల్చి, బయట పెట్టించాడు. ఒక్కో గుండు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారడానికి ఎంతసేపు పడుతుంది, గది వేడికి రావడానికి ఎంతసేపు పడుతుంది అని గడియారం పెట్టి రాయించాడు. గుండు వ్యాసం పెరిగేకొద్దీ చల్లారే కాలం ఏ లెక్కన పెరుగుతోందో పట్టుకున్నాక, అదే లెక్కను భూమి సైజుకు పొడిగించాడు. భూమి ఒకప్పుడు కరిగిన ముద్ద అయితే, ఇప్పటి స్థితికి చల్లారడానికి సుమారు 75 వేల ఏళ్లు పట్టి ఉండాలని 1778లో ప్రకటించాడు.

ఇవాళ మనకు తెలిసిన వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. భూగర్భంలో వేడి ఎలా కదులుతుందో, రేడియోధార్మికత ఎంత వేడి పుట్టిస్తుందో అప్పటికి తెలియదు కాబట్టి అంకె తప్పింది. కానీ బైబిల్ లెక్కల ప్రకారం భూమికి ఆరు వేల ఏళ్లే అని నమ్ముతున్న సమాజంలో, ఆ ప్రశ్నను ప్రయోగంతో అడగవచ్చని చూపించడం చిన్న విషయం కాదు. భూమి గురించిన ఆయన తొలి రాతల మీదే పారిస్ మత పండితులు అభ్యంతరం చెబితే, 1751లో వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

బుఫాన్ తీరిక వేళల్లో పది విషయాల మీద మనసు పోనిచ్చిన మనిషిలా కనిపించవచ్చు. వరస చూస్తే అలా లేదు. కలప ప్రశ్న అడవి దగ్గరికి తీసుకెళ్లింది, ఉద్యోగం జంతువుల దగ్గరికి, కొలిమి భూగర్భం దగ్గరికి. ‘ఇది మీ శాఖ కాదు’ అనేవాళ్లు మధ్యలో ఎవరూ లేరు. ఆ రోజుల్లో ఉన్నవి పెద్ద విభాగాలే. వస్తువుల స్వభావానికి కారణాలు వెతికేది ప్రకృతి తత్వశాస్త్రం. ఉన్నవాటిని సేకరించి, వర్ణించి, వరసలో పెట్టేది ప్రకృతి చరిత్ర. వీటి పక్కన గణితం. ఇప్పుడు ఫిజిక్స్, కెమిస్ట్రీ, జియాలజీ, ఫిజియాలజీ అని మనం విడదీసేవన్నీ వాటిలో కలిసే ఉండేవి.

## మంచుగడ్డల మధ్య గినీపిగ్

పరికరాల సంగతి తరచూ మరుగున పడుతుంది. మంచి త్రాసు, మంచి థర్మామీటర్, సెకన్లు చూపే గడియారం చేతికొచ్చాక వాటిని దేని మీద వాడాలన్నది పరిశోధకుడి ఇష్టం.

1782-83 శీతాకాలంలో పారిస్‌లో లవోయిజియే, లాప్లాస్ కలిసి చేసిన ప్రయోగం దీనికి చక్కని ఉదాహరణ. ఒకరు రసాయన శాస్త్రవేత్త, ఇంకొకరు గణితవేత్త. ఒక పాత్రలో బుట్ట, బుట్టలో గినీపిగ్, చుట్టూ మంచుగడ్డలు. వాటి చుట్టూ ఇంకో పొర మంచుగడ్డలు. బయటి పొర గది వేడిని అడ్డుకుంటుంది కాబట్టి లోపలి పొరలో కరిగేదంతా జంతువు ఒంటి వేడి వల్లే. కింద గొట్టంలోంచి కారిన నీటిని పట్టి తూచారు. గంటల తరబడి ఇలా నడిపి, ఆ జంతువు వదిలిన కార్బన్ డై ఆక్సైడ్‌ను విడిగా కొలిచారు. తర్వాత అంతే వాయువు వచ్చేలా బొగ్గును కాల్చి, ఆ మంట ఎంత మంచును కరిగిస్తుందో చూశారు. రెండు అంకెలూ అచ్చంగా కలవలేదు కానీ దగ్గరగా వచ్చాయి. ఊపిరి తీయడం కూడా ఒక రకమైన దహనమే, నెమ్మదిగా జరుగుతుందంతే అన్న నిర్ధారణకు వాళ్లు వచ్చారు.

ఈ ప్రయోగాన్ని ఏ శాస్త్రం కింద రాయాలి? వేడిని కొలిచారు కాబట్టి ఫిజిక్స్, వాయువును విశ్లేషించారు కాబట్టి కెమిస్ట్రీ, ప్రాణి శరీరం గురించి తేల్చారు కాబట్టి ఫిజియాలజీ. వాళ్లకు మాత్రం అది ఒకే ప్రశ్న.

లవోయిజియే జీతం మరోచోటి నుంచి వచ్చేది. రాజు తరఫున పన్నులు వసూలు చేసే గుత్తేదారుల సంస్థలో ఆయన వాటాదారు. 1775 నుంచి ప్రభుత్వ తుపాకీమందు తయారీని చూశాడు. వచ్చినదెంత, పోయినదెంత అని జమాఖర్చులు సరిచూసే అలవాటుకూ, రసాయన చర్యకు ముందూ వెనకా అన్నింటినీ తూచే పద్ధతికీ పోలిక చాలామంది చరిత్రకారుల కంట పడింది. ఆ పోలికలో బలం ఉంది. ఆ పన్నుల ఉద్యోగమే చివరికి ఆయన ప్రాణం తీసింది. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1794 మే 8న గిలెటిన్ కింద తల తెగింది.

ఇదే రకం కొలత ఇంగ్లండ్‌లో ఇంకో కొసకు వెళ్లింది. 1766లోనే హైడ్రోజన్‌ను వేరుచేసి వర్ణించిన హెన్రీ కావెండిష్, 1798లో భూమి సాంద్రత తేల్చాడు. వేలాడే కర్రకు చిన్న సీసపు గుండ్లు కట్టి, పక్కన ఒక్కోటి సుమారు 158 కిలోల పెద్ద గుండ్లు పెట్టి, వాటి మధ్య ఆకర్షణకు కర్ర ఎంత తిరిగిందో చూశాడు. మనిషి ఒంటి వేడికి గాలి కదిలినా లెక్క చెడుతుందని గది బయట నుంచి టెలిస్కోపుతో చూశాడు. నీటికన్నా 5.48 రెట్లు అని తేలింది. ఇప్పటి విలువ 5.51.

## ఒక గ్రహణం లాంటి ఘటన, ప్రపంచమంతా పరిశీలకులు

ఒక్క మనిషి స్థాయిలో కనిపించిన విస్తృతి శుక్ర సంక్రమణం నాటికి భూగోళమంతా పరుచుకుంది. సూర్యుడి ముందు నుంచి శుక్రుడు చిన్న నల్ల చుక్కలా సాగిపోయే ఈ ఘటన 1761లోనూ 1769లోనూ వచ్చింది. గ్రహాల దూరాల మధ్య నిష్పత్తులు కెప్లర్ సూత్రాల వల్ల అప్పటికే తెలుసు. అసలు దూరం ఒక్కటి కిలోమీటర్లలో దొరికితే మిగతావన్నీ వాటంతట అవే తేలిపోతాయి. భూమి మీద దూరదూరంగా ఉన్న రెండు చోట్ల నుంచి చూస్తే శుక్రుడి దారి కొద్దిగా వేరుగా కనిపిస్తుంది, దాటే సమయంలో తేడా వస్తుంది. ఆ తేడాతో సూర్యుడి దూరం లెక్కగట్టవచ్చని 1716లోనే ఇంగ్లిష్ ఖగోళవేత్త హేలీ ప్రతిపాదించాడు.

ఒకే ఊళ్లో కూర్చుని చేసే పని కాదు కాబట్టి సైబీరియా, కేప్ ఆఫ్ గుడ్ హోప్, తాహితి, కాలిఫోర్నియా దాకా మనుషులు వెళ్లారు. మొదటిసారి బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధంలో ఉన్నా పరిశీలకులు బయల్దేరారు. వెళ్లినవాళ్లు శుక్రుణ్ని ఒక్కణ్నే చూసి తిరిగి రాలేదు. 1768లో బయల్దేరిన బ్రిటిష్ నావికుడు కుక్ ఓడలో జోసెఫ్ బ్యాంక్స్, స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు సోలాండర్ మొక్కలు సేకరించారు. తీరాల పటాలు గీశారు. ఒక ఖగోళ ప్రశ్న కోసం పెట్టిన ఖర్చుతో వృక్షశాస్త్రం, భూగోళం, సముద్ర ప్రవాహాల సమాచారం కూడా ఇంటికొచ్చింది. ఈ పరిశీలనల ఆధారంగా 1771లో ఫ్రెంచి ఖగోళవేత్త లాలాండ్ లెక్కగట్టిన దూరం సుమారు 15.3 కోట్ల కిలోమీటర్లు. అసలు దూరం 14.96 కోట్లు.

వీళ్లందరిలో ఫ్రెంచి ఖగోళవేత్త ల జాంటీ కథ మన తీరానికి సంబంధించినది. ఫ్రెంచి అకాడమీ తరఫున 1760లో పుదుచ్చేరికి బయల్దేరాడు. దారిలో ఉండగానే పట్టణం బ్రిటిష్‌వాళ్ల చేతికి పోయిందని తెలిసి ఓడ వెనక్కి తిరిగింది. 1761 జూన్ 6న నడిసముద్రంలో ఊగుతున్న ఓడ మీద నుంచి సంక్రమణం చూశాడు కానీ ఆ కొలత లెక్కకు పనికిరాదు. ఎనిమిదేళ్లు ఆగి రెండోదాన్ని చూద్దామని హిందూ మహాసముద్ర ప్రాంతంలోనే ఉండిపోయాడు. 1768లో పుదుచ్చేరి చేరి పరిశీలనశాల కట్టుకున్నాడు. తీరా 1769లో సంక్రమణం రోజు పొద్దున మబ్బు కమ్మేసింది. 1771లో ఇంటికి చేరేసరికి ఆయన చనిపోయాడని వారసులు ఆస్తి పంచుకునే పనిలో ఉన్నారు.

ఈ కథను దురదృష్టానికి ఉదాహరణగా చెప్పి వదిలేయడం అన్యాయం. ఆ పదకొండేళ్లలో ఆయన గాలులు, ఆటుపోట్లు, మడగాస్కర్ జీవజాలం గురించి రాశాడు. పుదుచ్చేరిలో తమిళ గణకుల దగ్గర కూర్చుని గ్రహణాలు లెక్కగట్టే పద్ధతి నేర్చుకున్నాడు. 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణం ఎంతసేపు ఉందన్న విషయంలో తమిళ గణన 41 సెకన్లు తక్కువ చూపితే, యూరప్‌లో అత్యుత్తమంగా పేరున్న మేయర్ చంద్రగమన పట్టికలు 68 సెకన్లు ఎక్కువ చూపాయని ఆయనే అచ్చు వేయించాడు.

## విశాఖ పాములు, సామర్లకోట తోట

లిన్నేయస్ 1753లో సుమారు 6 వేల మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టి ఒక పద్ధతి ఏర్పరిచాక, ప్రపంచంలో ఎక్కడున్న డాక్టరైనా తన పెరట్లోని మొక్కను అదే వరసలో చేర్చగలిగాడు. ఆయన శిష్యుల్లో ఒకడైన కోనిగ్ 1768లో తమిళ తీరంలోని డేనిష్ స్థావరం తరంగంబాడికి డాక్టర్‌గా వచ్చాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి పరిశోధకుడయ్యాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. జబ్బుతో ఉన్నప్పుడు చూసుకున్నది ఆయన స్నేహితుడు విలియం రాక్స్‌బరో.

రాక్స్‌బరో స్కాట్లండ్ డాక్టర్. 1776లో మద్రాసు వచ్చాడు, 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. మద్రాసులో రోజూ వాతావరణ కొలతలు రాసుకునేవాడు. సామర్లకోటలో తోట వేసి మిరియాలు, నీలిమందు, పట్టు పురుగులతో ప్రయోగాలు చేశాడు. 1787 తుపానులో ఇంజరం దగ్గర ఆయన పుస్తకాలు, కాగితాలు పోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించి లండన్ పంపాడు. వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి మూడు సంపుటాలుగా, కోరమాండల్ తీరం మొక్కల పేరుతో అచ్చయ్యాయి. ఆయన వృక్ష వర్ణనల్లో తెలుగు పేర్లు వరసగా కనిపిస్తాయి.

విశాఖలో పాట్రిక్ రస్సెల్‌ది ఇంకో రకం పని. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో డాక్టర్‌గా ప్లేగును చూసినవాడు. కోనిగ్ తర్వాత కంపెనీ పరిశోధకుడి ఉద్యోగం ఈయనకు వచ్చింది. పాముకాటుతో జనం చనిపోతుంటే ఏది విషపు పాము, ఏది కాదు అన్నది ముందు తేలాలనుకున్నాడు. పాములు తెప్పించి, పొలుసుల వరసలు లెక్కపెట్టి, కోళ్లనూ కుక్కలనూ కరిపించి ఎంతసేపటికి ఏం జరిగిందో రాశాడు. అప్పట్లో విరుగుడుగా పేరు మోసిన తంజావూరు మాత్రలనూ పరీక్షించాడు. 1796లో వచ్చిన ఆయన పుస్తకంలో రక్తపింజరికి ఉన్న పేరు ‘కాటుక రేకుల పొడ’. కట్లపాముల ప్రజాతికి శాస్త్రీయంగా స్థిరపడిన బంగారస్ అన్న పేరు ఆయనకు ఇక్కడివాళ్లు చెప్పిన ‘బంగారు పాము’ నుంచి వచ్చిందే. 1803లో విశాఖ దగ్గర సేకరించిన 200 చేపల మీద కూడా పుస్తకం తెచ్చాడు.

పాములు, చేపలు, ప్లేగు, మొక్కలు ఒక మనిషి చేతిలో ఎందుకున్నాయి? కంపెనీ పరిశోధకుడి ఉద్యోగం ఒక్కటే ఉంది, తీరం నిండా తెలియని విషయాలు ఉన్నాయి. పైగా ఆ రోజుల్లో డాక్టర్ చదువులోనే వృక్షశాస్త్రం, రసాయన శాస్త్రం, శరీర శాస్త్రం కలిసి ఉండేవి. 18వ శతాబ్దపు బహుముఖ శాస్త్రవేత్తల్లో అంతమంది డాక్టర్లు ఉండటానికి ఇదే పెద్ద కారణం.

## డబ్బు ఎవరిది, చోటు ఎవరికి

కంపెనీకి మిరియాలు, నీలిమందు కావాలి. నౌకాదళాలకు సముద్రంలో రేఖాంశం తెలియాలి. అందుకోసం బ్రిటిష్ పార్లమెంటు 1714లో 20 వేల పౌండ్ల దాకా బహుమతి ప్రకటించింది. స్వీడన్‌కు దిగుమతుల భారం తగ్గాలని లిన్నేయస్ అక్కడ టీ మొక్కలు పెంచాలని చూశాడు. బ్రిటిష్ మ్యూజియానికి 1753లో పునాది అయిన హాన్స్ స్లోన్ సేకరణ వెనక, ఆయన భార్య వైపు నుంచి వచ్చిన జమైకా చెరకు తోటల ఆదాయం ఉంది. ఆ తోటల్లో పనిచేసింది బానిసలు. ఆ శతాబ్దపు జిజ్ఞాస నిజమైనదే. దాన్ని నడిపిన డబ్బు ఎక్కడిదో కూడా అంతే నిజంగా చెప్పాలి.

ఉత్తరాల పాత్ర మరోటి. అకాడమీలు లండన్, పారిస్‌తో మొదలై బెర్లిన్, సెయింట్ పీటర్స్‌బర్గ్, స్టాక్‌హోమ్, ఫిలడెల్ఫియా మీదుగా 1784లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ దాకా పాకాయి. వాటి పత్రికల్లో తోకచుక్క పక్కన కోకిల, కోకిల పక్కన పిడుగు అచ్చయ్యేవి. పత్రిక ఒకటే కాబట్టి అన్నీ అందరూ చదివేవాళ్లు. పిడుగు అంటే విద్యుత్తేనని తేల్చడానికి అమెరికాకు చెందిన ఫ్రాంక్లిన్ సూచించిన ప్రయోగాన్ని, ఆయన ఉత్తరాలు చదివి 1752 మేలో ముందుగా చేసి చూపించింది ఫ్రాన్స్‌వాళ్లు.

అయితే ఈ విశాలమైన లోకం అందరికీ తెరిచి లేదు. ఇటలీలోని బొలోనాలో లారా బాసికి 1732లో ఆచార్య పదవి దక్కడం అరుదైన సంగతి. న్యూటన్ గ్రంథాన్ని ఫ్రెంచిలోకి తెచ్చి వివరణలు చేర్చిన ఎమిలీ ద్యు షాత్లేకు పారిస్ అకాడమీలో చోటు లేదు. లవోయిజియే ప్రయోగాలకు బొమ్మలు గీసి, నోట్సు రాసి, ఇంగ్లిష్ రచనలు అనువదించింది ఆయన భార్య మరీ ఆన్. విలియం హెర్షెల్ చెల్లెలు కరోలిన్‌కు 1787లో రాజు ఏటా 50 పౌండ్ల జీతం ఇచ్చాడు, అదీ అన్నకు సహాయకురాలిగా. సామర్లకోటలో బొమ్మలు వేసినవాళ్ల పేర్లు పుస్తకాల మీద లేవు.

## విడిపోవడం ఎలా మొదలైంది

ఈ విస్తృతిని చెడగొట్టింది దాని విజయమే. సమాచారం పెరిగేకొద్దీ ఒక రంగంలోకి అడుగు పెట్టాలంటే నేర్చుకోవాల్సింది పెరిగింది. 1787లో లవోయిజియే, ఆయన సహచరులు రసాయన పదార్థాలకు కొత్త పేర్ల పద్ధతి తెచ్చారు. 1789లో కేవలం రసాయన శాస్త్రానికే పారిస్‌లో పత్రిక మొదలైంది. 1788లో లండన్‌లో ప్రకృతి చరిత్రకు ప్రత్యేకంగా లిన్నియన్ సొసైటీ వచ్చింది. 1793లో బుఫాన్ నడిపిన రాజోద్యానమే మ్యూజియంగా మారినప్పుడు 12 ఆచార్య పదవులు ఏర్పడ్డాయి. ఒక్క మనిషి చూసిన చోట పన్నెండు మంది కూర్చున్నారు. అదే ఏడాది రాక్స్‌బరో సామర్లకోట వదిలి కలకత్తా బొటానికల్ గార్డెన్ బాధ్యత తీసుకున్నాడు. 1799లో లాప్లాస్ ఖగోళ యాంత్రిక శాస్త్రం మొదటి సంపుటాలు వచ్చేసరికి వాటిని అర్థం చేసుకోగలిగినవాళ్లు ఏ దేశంలోనైనా కొద్దిమందే.

ఈ మార్పులో దెబ్బతిన్నవాళ్లలో ఇంగ్లండ్‌కు చెందిన జోసెఫ్ ప్రీస్ట్లీ ఒకడు. వృత్తి మత బోధన. ఇంగ్లిష్ వ్యాకరణం రాశాడు, విద్యుత్తు చరిత్ర రాశాడు, లీడ్స్‌లో ఇంటి పక్కనున్న బీరు తయారీశాల నుంచి వచ్చే వాయువును చూసి సోడా నీళ్లు చేశాడు. 1774లో ఆక్సిజన్‌ను వేరుచేశాడు. కానీ మండే వస్తువుల్లోంచి ఫ్లోజిస్టన్ అనే పదార్థం బయటికి పోతుందన్న పాత సిద్ధాంతాన్ని వదల్లేదు. ఫ్రెంచి విప్లవాన్ని సమర్థించాడని 1791లో బర్మింగ్‌హామ్ అల్లరిమూక ఆయన ఇంటినీ ప్రయోగశాలనూ తగలబెట్టింది. 1794లో అమెరికా వెళ్లిపోయాడు. 1800లో కూడా ఫ్లోజిస్టన్‌ను నిలబెడుతూ పుస్తకం వేశాడు. అప్పటికి కెమిస్ట్రీలోకి వస్తున్న కుర్రాళ్లు ఆయన కనిపెట్టిన వాయువును లవోయిజియే పెట్టిన పేరుతోనే నేర్చుకుంటున్నారు.